మందుల చీటీ చదవడానికీ రెండేళ్ళ చదువు

సత్తెనపల్లి: పత్తి, మిరప పండే ఈ పల్నాటి ఊళ్ళలో 'మందుల షాపు' అంటే ఏ మందుల షాపు అని మళ్ళీ అడగవలసి వస్తుంది. పురుగుమందులు అమ్మేదీ మందుల షాపే, బిళ్ళలూ టానిక్కులూ అమ్మేదీ మందుల షాపే. పైరుకు తెగులు వస్తే రైతు ఒకదానికి పోతాడు, పిల్లవాడికి జ్వరం వస్తే తల్లి రెండోదానికి పోతుంది. రెండు చోట్లా అద్దాల బీరువాలు, ఒక బల్ల, బల్ల వెనుక ఒక కుర్రవాడు. ఆ కుర్రవాడు ఏం చదివాడని అడిగేవారు అరుదు.

చట్టం మాత్రం అడుగుతున్నది. పురుగుమందుల డీలరుకు వ్యవసాయమో, సైన్సో చదివిన అర్హత వుండాలని కేంద్రం 2017లో నిబంధనలు సవరించింది. ఇన్‌పుట్ డీలర్ల కోసం హైదరాబాదులోని 'మేనేజ్' సంస్థ 2003 నుంచే ఒక డిప్లొమా నడుపుతున్నది. మనుషుల మందుల విషయంలో ఈ షరతు అంతకు 69 ఏళ్ళ ముందే వచ్చింది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు రాసిన చీటీ మీద మందు కలపడం గాని, తీసి ఇవ్వడం గాని రిజిస్టరయిన ఫార్మసిస్టు చేయవలసిన పని. వేరొకరు చేస్తే శిక్షార్హం. ఆ ఫార్మసిస్టు కావడానికి అందరికంటే దగ్గర దారి ఇంటర్మీడియెట్ తరువాత రెండేళ్ళ డి.ఫార్మసీ.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో ధూళిపాళ్ళ, లక్కరాజుగార్లపాడు, రాజుపాలెం, ముప్పాళ్ళ వంటి ఊళ్ళలో ఈ చదువు మాట తప్పక వినిపిస్తుంది. బైపీసీ చదివిన పిల్లకు డాక్టరీ సీటు రాదని తేలిపోయాక, నర్సింగా, ల్యాబ్ టెక్నీషియనా, ఫార్మసీయా అనే తర్జనభర్జన మొదలవుతుంది. మిరప ధర బాగున్న ఏడు ఒక రకంగా, పత్తికి గులాబిరంగు పురుగు తగిలిన ఏడు ఇంకో రకంగా ఈ తర్జనభర్జన ముగుస్తుంది. చేరేది ఏ కోర్సో, దాని చివర చేతికి వచ్చే కాగితం దేనికి పనికొస్తుందో తెలుసుకోకుండా ఫీజు కట్టేవారు ఇప్పటికీ వున్నారు.

కాంపౌండరు రోజులు

పెద్దవాళ్ళకు గుర్తుండే మనిషి కాంపౌండరు. డాక్టరుగారి గది పక్కన చిన్న చెక్క కిటికీ, దాని వెనుక రంగు రంగు నీళ్ళ సీసాలు. ఇంటి నుంచి ఖాళీ సీసా తీసుకుపోతే మిక్స్చరు పోసి, సీసా పక్కన అంచులు కత్తిరించిన కాగితం ముక్క అతికించి ఇచ్చేవాడు. ఒక గంటు ఒక మోతాదు. చదువు రాని ముసలమ్మకు కూడా ఆ గంట్లు అర్థమయ్యేవి. ఇప్పటి అట్టల మీద చీమతలకాయంత అక్షరాలతో పోలిస్తే ఆ కాగితమే నయమనిపిస్తుంది.

ఆ కాంపౌండర్లలో చాలామంది చూసి నేర్చుకున్నవారే. దేశంలో కల్తీ మందులూ, నాసి మందులూ ఎక్కువైనాయని 1930-31లో కల్నల్ చోప్రా అధ్యక్షతన ఒక సంఘం విచారణ జరిపింది. మందు తయారీకీ, అమ్మకానికీ చట్టం కావాలి, మందు ఇచ్చేవాడికి చదువు కావాలి అన్నది ఆ విచారణ సారాంశం. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహదేవలాల్ ష్రాఫ్ ఫార్మసీ చదువుకు పునాది వేశారు. 1940లో డ్రగ్స్ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఫార్మసీ చదువు మొదలయింది.

కొత్త చట్టం పాత కాంపౌండర్లను రోడ్డున పడేయలేదు. ఆస్పత్రిలో గాని, డిస్పెన్సరీలో గాని అయిదేళ్ళు మందులు కలిపిన అనుభవం వున్నవారి పేర్లు మొదటి రిజిస్టరులో చేర్చుకునే వీలు కల్పించింది. ఆ తరువాత వచ్చేవారు మాత్రం చదివి రావలసిందే. "మా తాత కాంపౌండరు, మా నాన్నకు షాపు వుంది, నేనూ షాపులోనే పెరిగాను" అనే అనుభవం ఈనాడు రిజిస్టరులో పేరు తెచ్చిపెట్టదు.

రెండేళ్ళలో ఏం చెబుతారు

డి.ఫార్మసీకి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ గాని, మాథమెటిక్స్ గాని వుండాలి. అంటే బైపీసీవారూ, ఎంపీసీవారూ అర్హులే. 1991లో చేసిన పాఠ్య నిబంధనలు దాదాపు ముప్పయ్యేళ్ళు నడిచి 2020లో మారాయి. మొదటి ఏడు మందుల తయారీ, ఔషధ రసాయన శాస్త్రం, మూలికా ద్రవ్యాల శాస్త్రం, శరీర నిర్మాణం, సమాజ ఆరోగ్యం. రెండో ఏడు మందు ఒంట్లో చేసే పని, జబ్బును బట్టి వాడకం, మందుల షాపు నిర్వహణ, ఆస్పత్రి ఫార్మసీ, జీవరసాయనం, చట్టాలు.

పేర్లు చూసి బెదరవలసిన పని లేదు. మూలికా ద్రవ్యాల పాఠంలో పల్లెటూరి పిల్లలే ముందుంటారు. నేలతంగేడు, అడ్డసరం, పసుపు, వేప అనగానే పట్నం పిల్లవాడు బొమ్మ చూస్తాడు, మన పిల్లవాడికి చేను గట్టు గుర్తుకు వస్తుంది. ఈ ప్రాంతపు రెండు పంటలూ ఆ శాస్త్రంలో వున్నాయి. మిరపకాయలో కారానికి కారణమైన క్యాప్సయిసిన్ నొప్పులకు రాసుకునే లేపనాల్లో వాడతారు. పత్తి సంగతి ఇంకా విచిత్రం. చేలో తీసిన పత్తిని నీళ్ళలో వేస్తే తేలుతుంది, ఎందుకంటే పోగు మీద మైనం వంటి పొర వుంటుంది. ఆ పొరను పోగొట్టి తెల్లబరిస్తే గాయం మీద రక్తాన్ని పీల్చే దూది అవుతుంది. అటువంటి దూది ఎంత వేగంగా మునగాలో కూడా ఔషధ గ్రంథంలో పరీక్ష వున్నది.

లెక్కలు కూడా వుంటాయి. పెద్ద లెక్కలు కావు, తప్పితే మాత్రం ప్రాణం మీదికి వచ్చే లెక్కలు. పెద్దవాళ్ళ మోతాదు నుంచి పిల్లవాడి మోతాదు కట్టడానికి ఒక పాత సూత్రం ఇప్పటికీ నేర్పుతారు. పిల్లవాడి వయసును, ఆ వయసుకు పన్నెండు కలిపిన సంఖ్యతో భాగించాలి. ఆరేళ్ళ పిల్లవాడికి ఆరును పద్దెనిమిదితో భాగిస్తే మూడో వంతు వస్తుంది. ఈ కాలం డాక్టర్లు బరువును బట్టి మోతాదు కడుతున్నారు, అదే మేలు.

పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు మొదటి ఆరు నెలలు తికమకపడతారు. దానికి తోడు చీటీ మీద లాటిన్ పొడి అక్షరాలు. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. బి.డి. అంటే కాల్చే బీడీ కాదు, రోజుకు రెండుసార్లు. వినడానికి నవ్వులాటగా వున్నా, ఈ నాలుగు అక్షరాలు తెలియక వాడిన బిళ్ళలు ఎన్నో కడుపుల్లో చిచ్చు పెట్టాయి.

రెండు పసుపు పచ్చ బిళ్ళలు

చీటీ చదవడం ఎందుకు ఒక చదువు అయిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. కీళ్ళవాతం వున్నవారికి డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తారు. ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. దానివల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ బిళ్ళ కూడా రాస్తారు, అది వేరే రోజున. చాలా కంపెనీలవి రెండూ చిన్న పసుపు పచ్చ బిళ్ళలే. వారం బిళ్ళను రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడుతుంది, ఎముకల మజ్జలో రక్తం తయారు కావడం తగ్గిపోతుంది, మనిషి చనిపోవచ్చు. ప్రపంచంలో అనేక దేశాల్లో ఈ పొరపాటు జరిగింది. బల్ల వెనుక వున్న మనిషి "అమ్మా, ఇది ఆదివారం ఒక్కటే, మళ్ళీ ఆదివారం దాకా ముట్టుకోవద్దు" అని అట్ట మీద రాసి ఇస్తే ఆగిపోయే పొరపాటు ఇది. సంచిలో వేసి చిల్లర లెక్కపెట్టి ఇచ్చే కుర్రవాడికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఈ రెండు మందుల వెనుకా వున్నది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేశారు. దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాల అన్వేషణలోంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. బోదకాలుకు ప్రభుత్వం ఊరూరా పంచిన డి.ఇ.సి. బిళ్ళ కూడా ఆ ప్రయోగశాలదే. ఆయన 1948లో, మన ఫార్మసీ చట్టం వచ్చిన ఏడే, కన్నుమూశారు.

పేర్ల గందరగోళం ఇంకొకటి. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అని మెదడు మలేరియాకు రెండు కంపెనీల మందులుండేవి. పేర్లు దగ్గర, లోపలి మందు వేరు. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. మిగతా సరుకుల పేర్ల కంటే మందుల పేర్ల విషయంలో మరింత కఠినంగా వుండాలని కోర్టు 2001లో చెప్పింది. పత్తి విత్తనాల ప్యాకెట్ల మీద పేర్లు పోలివుండి మోసపోయిన రైతుకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. విత్తనం తప్పితే ఒక పంట పోతుంది.

పసిపిల్లల జ్వరం మందు విషయంలో తల్లులు కూడా తెలుసుకోవలసినది వుంది. పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు వుంటుంది. అదే పేరు మీద వచ్చే సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 గాని, 250 గాని వుంటుంది. చుక్కల మందును సిరప్ అనుకుని ఒక చెంచా పోస్తే, పసిబిడ్డకు 500 మిల్లీగ్రాములు, అంటే పెద్దవాళ్ళు వేసుకునే ఒక బిళ్ళ మోతాదు పోసినట్టే. సీసా మీద సంఖ్య చూడని మనిషి ఇటువంటి మందు ఇవ్వకూడదు.

దగ్గుమందుల సంగతి దేశమంతా విన్నదే. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విష రసాయనం కలిసిన దగ్గుమందు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. కలిసినది డైఇథిలిన్ గ్లైకాల్. 1937లో అమెరికాలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది కూడా అదే. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో మళ్ళీ హెచ్చరించింది. ఫ్యాక్టరీలో జరిగిన తప్పును షాపులోని ఫార్మసిస్టు కనిపెట్టలేడు. అయితే ఫలానా బ్యాచి నిలిపివేయమని ఉత్తర్వు వస్తే, ఆ బ్యాచి సీసాలు ఎవరింటికి పోయాయో చెప్పగలిగేది అతని బిల్లు పుస్తకమే. బిల్లు లేని చోట ఆ సీసా ఏ గూట్లో వుందో ఎవరికీ తెలియదు.

"రెండు డోసులు కట్టు బాబూ"

కోతల కాలంలో సాయంత్రం మందుల షాపుల దగ్గర చూడాలి. పొద్దంతా నడుము వంచి పత్తి తీసిన కూలీలు, మిరప కోతకు పోయి వచ్చినవారు బల్ల ముందు నిలబడతారు. చీటీ వుండదు.

"ఒళ్ళు నొప్పులకి రెండు డోసులు కట్టు బాబూ."

"తిన్నావా పిన్నీ?"

"ఇంటికి పోయి తింటాలే, ముందు కట్టు."

కాగితం ముక్కలో నాలుగు రకాల బిళ్ళలు పడతాయి. ఒకటి నొప్పి బిళ్ళ, ఒకటి గ్యాసు బిళ్ళ, ఒకటి జ్వరం బిళ్ళ. నాలుగోది కొన్నిచోట్ల స్టిరాయిడ్. అది వేసుకున్న మర్నాడు ఒళ్ళు తేలికగా వుంటుంది, అందుకే ఆ షాపు హస్తవాసి మంచిదని పేరు పడుతుంది. నెలల తరబడి వేసుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, హఠాత్తుగా మానేస్తే ఒళ్ళు నిలదొక్కుకోలేదు. ఖాళీ కడుపున నొప్పి బిళ్ళ పడితే కడుపులో పుండు, ఎండలో నీళ్ళు తాగక పనిచేసిన ఒంట్లో పడితే మూత్రపిండాలకు దెబ్బ. ఇవన్నీ డి.ఫార్మసీ రెండో ఏటి పాఠాలు. చదివిన పిల్లవాడు కూడా "డోసులు" కట్టడానికే అలవాటు పడితే చదివిన లాభం లేదు. యజమాని కట్టమంటే కాదనడం అంత తేలికా అంటే, కాదు.

డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటుంది, దాన్ని షెడ్యూల్ హెచ్ అంటారు. అందులో మరింత ప్రమాదకరమైనవాటిని, గట్టి యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను, అలవాటు పడే కొన్ని నిద్ర బిళ్ళలను వేరు చేసి 'హెచ్-1' పట్టిక చేశారు. ఇది 2014 మార్చి 1 నుంచి అమలులో వుంది. ఈ మందు ఇచ్చినప్పుడల్లా డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చినది పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకం మూడేళ్ళు భద్రం చేయాలి. క్షయ మందులు కొన్న రోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలని 2018లో షాపులకు కూడా బాధ్యత పెట్టారు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఇంకొంచెం ముందుకు పోయి, మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళు వాడాలి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఎక్కడ దాచాలి అనేవి రోగికి చెప్పడం ఫార్మసిస్టు పని అన్నాయి. ఫార్మసిస్టు తెల్లకోటు, పేరున్న బిళ్ళ పెట్టుకోవాలని కూడా వుంది. తెల్లకోటు మన ప్రాంతంలో ఎక్కడైనా కనిపిస్తే అది అదృష్టమే.

ఎండ ఒక సమస్య

రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటడం విడ్డూరం కాదు, సత్తెనపల్లి కూడా ఏమంత చల్లగా వుండదు. ఎక్కువ మందుల పెట్టెల మీద 25 లేదా 30 డిగ్రీలకు లోపల వుంచమని రాసివుంటుంది. రేకుల షాపులో, ఎండ పడే అద్దాల బీరువాలో ఆ మందులు ఏ స్థితిలో వుంటాయో ఊహించవచ్చు. ఇన్సులిన్ తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుండాలి, గడ్డకట్టించే అరలో మాత్రం పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు రెండు మట్టి కుండల మధ్య తడి ఇసుక పోసి, లోపలి కుండలో వాడుతున్న సీసా పెట్టుకోవడం మంచిది. ఇది కూడా ఫార్మసిస్టు చెప్పవలసిన ముక్కే. కరెంటు పోయిన రాత్రి షాపు ఫ్రిజ్ సంగతి ఎవరు చూస్తారనేది లైసెన్సు ఇచ్చేటప్పుడు అడిగితే బాగుండును.

గోడ మీద ఒకరు, బల్ల వెనుక ఒకరు

ఇక అసలు జబ్బు. మందుల షాపుకు లైసెన్సు కావాలంటే కనీసం 10 చదరపు మీటర్ల స్థలం, ఫ్రిజ్, వీటితో పాటు ఒక రిజిస్టరయిన ఫార్మసిస్టు పేరు కావాలి. ఆ పేరు కోసం సర్టిఫికెట్టు అద్దెకు తీసుకునే అలవాటు దేశమంతటా వేళ్ళూనుకున్నది. సర్టిఫికెట్టు గోడ మీద అద్దంలో వుంటుంది, దాని తాలూకు మనిషి ఎక్కడో వేరే ఊళ్ళో వేరే పనిలో వుంటాడు. నెలకు ఇంత అని చేతిలో పడుతుంది.

షాపువారి వాదన కూడా వినవలసిందే. చిన్న ఊళ్ళో రోజు అమ్మకం మీద అద్దె, కరెంటు పోను మిగిలేది అంతంతమాత్రం, అందులోంచి చదివిన మనిషికి జీతం ఇవ్వాలంటే షాపు మూయాలి అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే అద్దె కాగితం దొరికినంత కాలం చదివినవాడి జీతం పెరగదనేది కూడా నిజమే. రెండేళ్ళు చదివి, పరీక్షలు రాసి షాపులో చేరిన అమ్మాయికి, పదో తరగతి తప్పి చేరిన కుర్రవాడికి దాదాపు ఒకే జీతం చెప్పడానికి కారణం ఇదే. సర్టిఫికెట్టు అద్దెకు ఇచ్చిన ప్రతివాడూ తన తోటివాడి జీతంలోంచే ఆ అద్దె తింటున్నాడు.

ఇందులో ప్రమాదం అద్దెకు ఇచ్చినవారికే ఎక్కువ. షాపులో పొరపాటు జరిగితే, హెచ్-1 పుస్తకంలో తేడా వస్తే, పేరు వున్నది ఎవరిదో వారినే అడుగుతారు. చట్టంలోని 36వ సెక్షన్ కింద రిజిస్టరులోంచి పేరు తీసివేసే అధికారం వుంది. పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిన అమ్మాయి సర్టిఫికెట్టు పుట్టింటివారు తెలిసినవారి షాపుకు ఇచ్చి మరిచిపోతే, ఆ షాపు కేసు అత్తవారింటికి వస్తుంది.

పేరును పోలిన కోర్సులు

అమెరికాలో 'ఫార్మసీ టెక్నీషియన్' అని ఒక ఉద్యోగం వుంది. అక్కడి కమ్యూనిటీ కళాశాలలు, అంటే ఇంటికి దగ్గరలో తక్కువ ఖర్చుతో చదువుకునే ప్రభుత్వ కళాశాలలు, దానికి కొద్ది నెలల నుంచి ఏడాది, రెండేళ్ళ వరకు శిక్షణ ఇస్తాయి. టెక్నీషియన్ బిళ్ళలు లెక్కపెట్టి, లేబులు అంటించి, బిల్లు చేస్తాడు. చివరిగా సరిచూసి సంతకం పెట్టేది ఫార్మసిస్టు. 1995 నుంచి అక్కడ టెక్నీషియన్లకు జాతీయస్థాయి ధ్రువీకరణ పరీక్ష నడుస్తున్నది. మన నాలుగేళ్ళ బి.ఫార్మసీ చదివి 2003 తరువాత బయటకు వచ్చినవారికి అక్కడ నేరుగా ఫార్మసిస్టు పరీక్షకు అర్హత లేదు, అయిదేళ్ళ చదువు అడుగుతారు. అందుకని అక్కడ స్థిరపడిన మన ఆడపిల్లలు కొందరు టెక్నీషియన్‌గానే మొదలుపెడతారు.

మన దేశంలో ఆ మధ్య మెట్టుకు చట్టంలో చోటు లేదు. 'ఫార్మసీ అసిస్టెంట్' పేరుతో కొద్ది నెలల నైపుణ్య శిక్షణలు వున్నాయి. సాయం చేసే పనికి అవి పనికొస్తాయి, చెడ్డవి కావు. వాటితో ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు ఎక్కదు, షాపు లైసెన్సు రాదు, ప్రభుత్వ ఫార్మసిస్టు పోస్టుకు దరఖాస్తు చేయడానికి వీలు కాదు. "ఆరు నెలల్లో ఫార్మసిస్టు కావచ్చు" అని ఎవరైనా చెబితే ఆ మాట అక్కడే తుంచేయాలి. కాలేజీ ముఖం చూడకుండా వేరే రాష్ట్రం నుంచి డి.ఫార్మసీ సర్టిఫికెట్టు తెప్పిస్తామనే వారిది ఇంకా పెద్ద మోసం. కాగితం అసలైనదిగా కనిపించినా, రిజిస్ట్రేషను దగ్గర పరిశీలనలో బయటపడుతుంది. అప్పటికి డబ్బు పోయి, వయసూ పోతుంది.

చదివాక

గుంటూరు, లాం, మంగళగిరి, నరసరావుపేట వైపు ఫార్మసీ కళాశాలలు వున్నాయి. గుంటూరు – నడికుడి రైలు మార్గంలో వున్న సత్తెనపల్లికి అటు గుంటూరు, ఇటు నరసరావుపేట బస్సులకు కొదువ లేదు. ఇంట్లో వుండి చదువుకునే వీలు అందుకే ఆడపిల్లల తండ్రులకు నచ్చుతున్నది. ఫార్మసీ కళాశాల అని బోర్డు వున్నంత మాత్రాన అందులో డి.ఫార్మసీ వున్నట్టు కాదు. కొన్నింటిలో నాలుగేళ్ళ బి.ఫార్మసీ, 2008లో దేశంలో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్.డి. మాత్రమే వుండవచ్చు. ఏ కళాశాలకు ఏ ఏడాది ఏ కోర్సుకు అనుమతి వుందో భారత ఫార్మసీ కౌన్సిల్ జాబితాలో చూసుకోవచ్చు. రాష్ట్రంలో డి.ఫార్మసీ పరీక్షలు జరిపేది సాంకేతిక విద్యా శిక్షణ మండలి.

2022లో కౌన్సిల్ ఇంకొక గడప పెట్టింది. డిప్లొమా పాసయిన తరువాత 'ఎగ్జిట్' పరీక్ష రాయాలి. మూడు పేపర్లు, ఒక్కొక్కదానిలో 50 శాతం మార్కులు రావాలి, భాష ఇంగ్లీషు. చదివింపులు లేని కళాశాలలకు ఇది గొంతులో వెలక్కాయే. విద్యార్థికి మాత్రం అదనపు భారం. చేరేముందు ఈ పరీక్ష సంగతి కళాశాలలో అడగడం మంచిది.

ప్రభుత్వంలో ఫార్మసిస్టు గ్రేడ్-2 పోస్టులున్నాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆస్పత్రుల్లో. ఖాళీలు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. అక్కడి పని షాపు పనికి భిన్నం. ఓపీ చీటీలకు మందులివ్వడంతో పాటు ఇండెంటు పెట్టడం, నిల్వ పుస్తకం రాయడం, గడువు దగ్గరపడినవి ముందు వాడేటట్టు చూడడం వుంటుంది. పత్తి చేలో పాము కరిచిందని, మందు కొడుతూ పడిపోయాడని అర్ధరాత్రి మనిషిని మోసుకొస్తే, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్లు, పురుగుమందు విషానికి అట్రోపిన్, పామ్ సరిపడా బీరువాలో వుండాలి. అవి వుండడం వెనుక నెల ముందే ఇండెంటు పెట్టిన ఫార్మసిస్టు వుంటాడు. అటువంటి కేసులో పురుగుమందు డబ్బా కూడా వెంట తేవడం మరవకూడదు, పేరు తెలిస్తేనే విరుగుడు తెలుస్తుంది. మిగిలిన పురుగుమందును టానిక్కు సీసాల్లో పోసి ఇంట్లో దాచే అలవాటు మాత్రం మానుకోవాలి.

2008లో మొదలైన జన ఔషధి దుకాణాలకు కూడా ఫార్మసిస్టు తప్పనిసరి. ఇంకా చదవాలనుకునేవారు ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో సంవత్సరంలో చేరవచ్చు. స్తోమత లేనివారు రెండేళ్ళు పనిచేసి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని ఆ దారి పట్టినా తప్పులేదు.

వీటన్నిటికంటే ముందు, తరగతులు అయిపోయాక, 500 గంటల అభ్యాసం వుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కవేస్తే అరవై మూడు రోజులు, అయితే మొత్తం మూడు నెలలకు తగ్గకూడదు. అందులో సగం, అంటే 250 గంటలు, నిజంగా డాక్టరు చీటీల మీద మందులివ్వడంలోనే గడపాలి. దీన్ని చాలామంది కాగితం మీద పూర్తి చేసుకుంటారు. ఊళ్ళో పత్తి పని వున్నదనో, ప్రయాణం దండగనో షాపుకు పోకుండా సంతకం తెచ్చుకుంటారు. చుక్కల మందుకూ సిరప్‌కూ తేడా చేతితో పట్టుకుని చూసేది ఆ మూడు నెలల్లోనే. ఆస్పత్రి గాని, షాపు గాని ఎంచుకునేటప్పుడు, ఆ ఫారం మీద సంతకం పెట్టవలసిన ఫార్మసిస్టు అక్కడ రోజూ కూర్చునే మనిషేనా, గోడ మీది పేరేనా అన్నది ఒక సాయంత్రం పోయి చూసుకుంటే తెలిసిపోతుంది.